లేవిడి నుంచి విశాఖ జైలు దాకా.. పార్వతీపురం కుట్ర కేసు పూర్వాపరాలు

పార్వతీపురం: తూర్పు కనుమల మన్యంలో రాజకీయ హింసపై జరిగిన విచారణల్లో పార్వతీపురం కుట్ర కేసుది ప్రత్యేక స్థానం. సవర, జాతాపు పల్లెల్లో కూలి కోసం, భూమి కోసం మొదలైన తగవు 1967లో లేవిడి వద్ద ఇద్దరు గిరిజనుల ప్రాణాలు బలిగొంది. ఆ హత్యల కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. తరువాత రేగిన సాయుధ పోరాటంపై ప్రభుత్వం కుట్ర కేసు పెట్టింది. ముద్దాయిలు వంద మందికి పైగానే. ఒకటి గిరిజనులు చనిపోయిన కేసు, మరొకటి గిరిజనులు, వారి నాయకులు ముద్దాయిలైన కేసు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ నాటి చరిత్ర బోధపడదు.

కొండమీద పోడు.. కొండకింద అప్పు

అప్పట్లో పార్వతీపురం ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. ఏజెన్సీలో గిరిజనుల భూములు అన్యాక్రాంతం కాకుండా 1917 నాటికే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భూబదలాయింపు నిబంధన, 1960లో వడ్డీ వ్యాపారుల నియంత్రణ నిబంధన వచ్చాయి. ఇవన్నీ కాగితాలకే పరిమితమయ్యాయి. మైదానం నుంచి వచ్చిన షావుకారు ఉప్పు, బట్ట, తిండిగింజలు అప్పుగా ఇచ్చేవాడు. చింతపండు, అడ్డాకులు తన తూకానికి, తన ధరకు తీసుకునేవాడు. బాకీ తీరకపోతే పల్లపు భూమి అతని పేరుకు మారేది. భూమి పోగొట్టుకున్నవాడు అదే పొలంలో కంబారిగా చేరేవాడు. కొండవాలులో పోడు కొట్టుకుంటే అటవీ సిబ్బంది మామూళ్లు తప్పేవి కావు.

ఉపాధ్యాయులుగా పనిచేసిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఈ పల్లెల్లో గిరిజన సంఘాన్ని నిర్మించారు. వెట్టి రద్దు, కంబారుల జీతాల పెంపు, ఆక్రమిత భూముల స్వాధీనం, పోడు హక్కు సంఘం ముందుంచిన కోర్కెలు. రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలో ఉండగా, ప్రతిపక్షమైన కమ్యూనిస్టులు సంఘానికి అండగా నిలిచారు. దానితో కూలి తగవుకు రాజకీయ రంగు వచ్చింది.

మొదటి తీర్పు

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ జరగవలసి ఉంది. సభకు వెళ్తున్నవారిని లేవిడి వద్ద భూస్వాముల మనుషులు అడ్డగించారు. కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు మరణించారు. కేసు నడిచింది. 1968లో న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది.

హత్య కేసులో సందేహానికి అతీతంగా నేరం రుజువు కావాలన్నది న్యాయసూత్రం. కానీ కొండపల్లెలు ఆ తీర్పును న్యాయసూత్రంగా అర్థం చేసుకోలేదు. తమవాళ్లు ఇద్దరు చనిపోతే ఎవరికీ శిక్ష పడలేదన్న ఒక్క మాటే ఊరూరా పాకింది. కోర్టు వల్ల ఒరిగేదేమీ లేదని వాదించేవారికి అంతకు మించిన ఆధారం అక్కరలేకపోయింది. ఆ తీర్పు వెలువడిన ఏడాదే, 1968 నవంబరు 25న, సుమారు 250 మంది గిరిజనులు పెదగొట్టిలిలో ఒక భూస్వామి ఇంటిపై పడి ధాన్యాన్ని, అప్పు పత్రాలను స్వాధీనం చేసుకున్నారు. శ్రీకాకుళం సాయుధ పోరాటానికి దీన్నే ఆరంభంగా చెబుతారు.

ప్రతిపక్షంలో చీలికలు

ఇదే కాలంలో కమ్యూనిస్టు శిబిరం ముక్కలవుతోంది. 1964లో సీపీఐ నుంచి సీపీఎం విడిపోయింది. 1967 మేలో పశ్చిమ బెంగాల్‌లోని నక్సల్బరీలో రైతుల తిరుగుబాటు జరిగింది. దానిని సమర్థించినవారు సీపీఎంతో విభేదించారు. ఆంధ్రలో తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి ప్రత్యేక సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. శ్రీకాకుళం నాయకత్వం మాత్రం చారు మజుందార్ పక్షాన నిలిచి, 1969 ఏప్రిల్ 22న ఏర్పడిన సీపీఐ (ఎంఎల్)లో చేరింది.

రెండు వర్గాల మధ్య తగాదా పోరాట పద్ధతిపైనే. వర్గశత్రువును వ్యక్తిగతంగా నిర్మూలించడమే మార్గమని మజుందార్ వర్గం వాదించింది. భూసమస్యపై ప్రజలను సమీకరించకుండా ఆయుధం పడితే ఉద్యమం నిలవదని నాగిరెడ్డి వర్గం హెచ్చరించింది. మన్యంలో మొదటి పంథాయే అమలైంది. షావుకార్లు, భూస్వాములు, పోలీసులకు సమాచారం ఇస్తున్నారన్న అనుమానం పడినవారు పలువురు హతులయ్యారు. ఆ కుటుంబాలూ తీరని దుఃఖం అనుభవించాయి.

1969 జూన్‌లో ప్రభుత్వం ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా, జలగం వెంగళరావు హోంమంత్రిగా ఉన్న కాలంలో అణచివేత సాగింది. పంచాది కృష్ణమూర్తి, కవి కళాకారుడు సుబ్బారావు పాణిగ్రాహి, 1970 జులై 10న సత్యనారాయణ, కైలాసం పోలీసు కాల్పుల్లో మరణించారు. ఇవి ఎదురుకాల్పులని పోలీసులు ప్రకటించారు. పట్టుకుని కాల్చారని ఉద్యమ వర్గాలు ఆరోపించాయి. ఏదేమైనా ఉద్యమానికి సూత్రధారులుగా చెప్పదగినవారు కోర్టు బోను ఎక్కకుండానే కన్నుమూశారు.

కుట్ర కేసు నడక

కుట్ర కేసులో ప్రతి ముద్దాయీ ప్రతి నేరంలోనూ చేయి కలిపాడని చూపనవసరం లేదు. ఉమ్మడి ఒప్పందం ఉందని, అందులో అతడు భాగస్వామి అని చూపితే చాలు. 1872 నాటి సాక్ష్య చట్టం 10వ సెక్షన్ ప్రకారం కుట్ర ఉందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం దొరికితే, ఆ ఉద్దేశానికి సంబంధించి ఒకరు చెప్పిన మాట, రాసిన ఉత్తరం, చేసిన పని మిగిలినవారిపైనా సాక్ష్యంగా చెల్లుతుంది. ప్రభుత్వంపై యుద్ధానికి కుట్ర పన్నితే పాత శిక్షాస్మృతి 121-ఎ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడేది. 1929లో బ్రిటిషు ప్రభుత్వం కమ్యూనిస్టులపై పెట్టిన మీరట్ కుట్ర కేసు కూడా ఈ సెక్షన్ కిందిదే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఈ నిబంధనలు కొనసాగుతున్నాయి. అవి భారతీయ న్యాయసంహిత 148వ సెక్షన్, భారతీయ సాక్ష్య అధినియమ్ 8వ సెక్షన్.

బెంగాల్‌కు చెందిన నక్సల్బరీ నాయకుడు కాను సన్యాల్ పార్వతీపురం కేసులో ముద్దాయి కావడానికి ఈ చట్టమే దారి చూపింది. ఆయనకు ఈ కేసులో శిక్ష పడింది, ఏళ్ల తరబడి విశాఖ జైలులో గడిపారు. జ్యోతిబసు చొరవతో విడుదలయ్యారు. కొండల్లో పట్టుబడిన గిరిజనులు వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖపట్నంలో, తమ పల్లెలో వినబడని చట్టభాషలో విచారణను ఎదుర్కొన్నారు.

జైలులోనే బయటపడిన విభేదాలు

ముద్దాయిలంతా ఒకే పథకానికి కట్టుబడ్డారన్నది కుట్ర కేసుకు ఆయువుపట్టు. ఆ పథకంపైనే జైలులో తీవ్ర చర్చ సాగింది. 1972లో విశాఖ జైలు నుంచి ఆరుగురు నాయకులు మజుందార్ పంథాను తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. కాను సన్యాల్, సౌరెన్ బోస్, చౌదరి తేజేశ్వరరావు, కొల్లా వెంకయ్య, నాగభూషణ్ పట్నాయక్, డి.భువనమోహన్ పట్నాయక్ అందులో సంతకాలు చేశారు. వ్యక్తిగత హత్యలపై మోజు, ప్రజాసంఘాలను వదిలిపెట్టడం, చైనా నాయకుడినే తమ నాయకుడిగా చాటుకోవడం పొరపాట్లని పేర్కొన్నారు. నాగిరెడ్డి వర్గం మూడేళ్ల ముందు చేసిన విమర్శకు ఇది దగ్గరగా ఉంది. అప్పటికి నాగిరెడ్డి కూడా హైదరాబాదు కుట్ర కేసులో ముద్దాయే. ఆ కోర్టుకు ఆయన ఇచ్చిన వాంగ్మూలం తరువాత ‘తాకట్టులో భారతదేశం’ పేరిట గ్రంథమైంది.

నాగభూషణ్ పట్నాయక్ న్యాయవాది, ఒడిశాలోని గుణుపురానికి చెందినవారు. విశాఖ న్యాయస్థానం మరణశిక్ష విధించగా క్షమాభిక్ష కోరడానికి నిరాకరించారు. శిక్ష యావజ్జీవంగా మారింది. 1981లో విడుదలయ్యారు.

కరెంటు తీగపై సుప్రీంకోర్టు

ఈ ఖైదీల వల్లే దేశంలోని ఖైదీలందరికీ ఉపయోగపడే తీర్పు ఒకటి వచ్చింది. ఖైదీలు తప్పించుకోకుండా విశాఖ సెంట్రల్ జైలు గోడలపై విద్యుత్ ప్రవహించే ముళ్లతీగ అమర్చారు. దానిపై భువనమోహన్ పట్నాయక్ తదితరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని 1974లో న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రాణాపాయం కలిగించే ఆ ఏర్పాటుకు శాఖాపరమైన ఆదేశాలే తప్ప చట్టం అండ లేదని తేల్చింది.

మిగిలింది 1/70

ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లోనే, 1970 ఫిబ్రవరి 3న, ప్రభుత్వం 1959 నిబంధనను సవరించింది. అదే 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య కూడా భూబదలాయింపు నిషిద్ధమైంది. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసింది గిరిజనేతరుడే. బాధితుడు అర్జీ పెట్టకపోయినా అధికారి తనంతట తానే విచారణ చేపట్టవచ్చు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. అరకు లోయకు ఆనుకుని ఉన్న అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న వెలువడిన తీర్పుకూ ఇదే పునాది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు ఇవ్వరాదని ఆ తీర్పు చెప్పింది.

కుట్ర జరిగిందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చింది. భూమి ఎవరిదన్న ప్రశ్న ఆ విచారణ పరిధిలోకి రానేలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది 1/70. ఆ చట్టం 1967 నాటికే ఉండి, పల్లెల్లో అమలై ఉంటే లేవిడి దారిలో కోరన్న, మంగన్నలు నేలకొరిగే పరిస్థితి వచ్చేది కాదేమో. 1/70ని సడలించాలన్న మాట వినిపించినప్పుడల్లా మన్యం ఉలిక్కిపడటానికి కారణం ఈ చరిత్రే.

ముఖ్య ఘట్టాలు

1967 అక్టోబరు 31: లేవిడి కాల్పులు, ఇద్దరు గిరిజనుల మృతి
1968: కాల్పుల కేసులో నిందితుల విడుదల
1968 నవంబరు 25: పెదగొట్టిలి దాడి
1969 ఏప్రిల్ 22: సీపీఐ (ఎంఎల్) ఆవిర్భావం
1969 జూన్: కల్లోలిత ప్రాంత ప్రకటన
1970 ఫిబ్రవరి 3: 1/70 సవరణ అమలు
1970 జులై 10: సత్యనారాయణ, కైలాసం మృతి
1972: విశాఖ జైలు నుంచి ఆరుగురి లేఖ
1974: ఖైదీల హక్కులపై సుప్రీంకోర్టు తీర్పు
1997 జులై 11: సమత తీర్పు