మందు ఎవరు కూరారు?

పోయిన ఎండాకాలం మా అమ్మాయి పట్టుబట్టి ఒక రాకెట్ కిట్ కొనిపించుకుంది. ఎస్టిస్ కంపెనీ వాళ్ళ ఆల్ఫా. 1960ల నుంచీ పిల్లలు కొనుక్కుంటున్న పాత మోడల్. సంచీ విప్పి బల్ల మీద పరిస్తే, బొటనవేలు దూరేంత అట్టగొట్టం ఒకటి, ఒక ముక్కు, రెక్కలు కోసి ఉన్న పల్చటి బాల్సా చెక్క, పారాచూట్, సాగే తాడు, చిన్న స్ట్రా లాంటి గొట్టం. ఇంకేమీ లేదు.

"ఇందులో రాకెట్ ఏదీ?" అంది.

రెక్కలు అరగదీసి, జిగురు పెట్టి, రంగు వేసి, రెండు వారాంతాలు కూర్చుని చేశాం. మోటారు మాత్రం విడిగా, చూపుడువేలంత కాగితపు గొట్టంలో సిద్ధంగా వచ్చింది. దాన్ని తోక వైపు నుంచి దూర్చి, తీగ పెట్టి, ఐదు మీటర్ల దూరం జరిగి, ఐదు నుంచి వెనక్కి లెక్కబెట్టి మీట నొక్కాం. స్‌స్‌స్ మని పోయింది. పైన పారాచూట్ విచ్చుకుంది. వీడియో తీసి మా అన్నయ్యకి పంపాను. మా పెద్దమ్మ కొడుకు. కాసేపటికి ఫోన్ చేశాడు. బాగుందనలేదు. ఎంత ఎత్తు వెళ్ళిందనీ అడగలేదు.

"ఒరేయ్, మందు ఎవరు కూరారు?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. గోదావరి జిల్లాల్లో మా చిన్నప్పుడు దీపావళి సామాన్లు సగం ఇంట్లోనే తయారయ్యేవి. పండగకి నెల ముందే పాత నోటు పుస్తకాలు చింపి, మైదా ఉడికించిన జిగురుతో మతాబా గొట్టాలు చుట్టేవాళ్ళం. సిసింద్రీ గొట్టాలు చుట్టి నీడలో ఆరబెట్టేవాళ్ళం. చుట్టడం పిల్లల పని. మందు కూరడం పెద్దల పని. ఆ హద్దు గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పేవారు కాదు గానీ, అందరికీ తెలుసు. అన్నయ్య పన్నెండో ఏట ఆ హద్దు దాటాడు. అందరి కంటే ఎత్తుకు పోయే జువ్వ చేద్దామని, కాగితపు గొట్టం చాలదని, ఇనప గొట్టం ఎంచుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ ఏడు నుంచి మా ఇళ్ళల్లో అన్నీ కొట్లో కొన్నవే.

మేముండేది డెన్వర్‌లో. అన్నయ్య ప్రశ్న బుర్రలో పెట్టుకుని ఈ కిట్ల చరిత్ర తిరగేస్తుంటే తెలిసింది, ఆ చరిత్రలో పెద్ద భాగం ఈ ఊళ్ళోనే జరిగిందని. అంతకన్నా ఆశ్చర్యం, ఆ చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

మొదలు మాత్రం ఇక్కడ కాదు, నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్ అనే చిన్న ఊళ్ళో, చెప్పుల కొట్లో. ఆ కొట్టు నడిపే ఆర్విల్ కార్లైల్‌కి బాణసంచా పిచ్చి. అన్నదమ్ముడు రాబర్ట్‌కి మోడల్ విమానాల పిచ్చి. రాబర్ట్ ఎగరడం గురించి జనానికి చెప్పే ఉపన్యాసాల్లో చూపించడానికి పనికొస్తుందని, 1954లో ఆర్విల్ ఒక చిన్న రాకెట్ తయారుచేశాడు. దానికి రాక్-ఎ-ష్యూట్ అని పేరు. ఇద్దరి పిచ్చీ అందులో కలిసింది. ఒళ్ళు కాగితం, రెక్కలు తేలిక చెక్క, అవి విమానాల వాళ్ళ సొత్తు. లోపలి మందు బాణసంచా వాళ్ళది. కొత్తదనం ఎక్కడుందంటే, మందున్న గొట్టాన్ని రాకెట్ నుంచి విడదీయడంలో. తారాజువ్వ ఒకసారి ఎగిరితే బూడిదే. ఇది పారాచూట్ మీద దిగుతుంది, కాలిపోయిన గొట్టం తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు. 1958లో దీనికి పేటెంట్ వచ్చింది. పేటెంట్ శీర్షికలో దాన్ని 'బొమ్మ రాకెట్' అన్నారు.

కార్లైల్ దగ్గర వస్తువుంది, దాన్ని జనంలోకి తీసుకెళ్ళే మనిషి లేడు. ఆ మనిషి జి. హ్యారీ స్టైన్. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో పనిచేసేవాడు. లీ కోరీ అనే కలం పేరుతో సైన్స్ ఫిక్షన్ కూడా రాసేవాడు. 1957 మొదట్లో ఒక పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. రాకెట్ల పని ప్రపంచంలోకెల్లా భద్రమైన వ్యాపారం అని దాని వాదన. ఎందుకంటే అక్కడ నియమాలున్నాయి, వాటిని అందరూ పాటిస్తారు. కానీ అదే సమయంలో అమెరికా అంతటా కుర్రాళ్ళు ఇంటి వెనక షెడ్లలో ఇనప గొట్టాల్లో దొరికిన రసాయనాలు దట్టిస్తున్నారు. వాళ్ళకి నియమాలు చెప్పేవాళ్ళు లేరు. ఆ సమస్య చదివిన కార్లైల్ తన రాకెట్లు కొన్ని స్టైన్‌కి పంపించాడు. స్టైన్ వాటిని ఎగరేసి చూశాడు. జవాబు దొరికిందనుకున్నాడు.

ఆ అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరింది. అప్పటికి స్టైన్ డెన్వర్‌లో మార్టిన్ కంపెనీలో ఉద్యోగి. రష్యా విజయం గురించి పత్రికల వాళ్ళతో నోరు జారాడని కొద్దిరోజులకే ఆ ఉద్యోగం పోయింది. దేశంలో పిల్లలందరికీ రాకెట్ల జ్వరం పట్టుకున్న సమయానికి, రాకెట్లు తెలిసిన ఈయన ఖాళీగా ఉన్నాడు. డెన్వర్‌లోనే మోడల్ మిసైల్స్ అనే కంపెనీ పెట్టాడు. కార్లైల్ రాక్-ఎ-ష్యూట్‌నూ, ఏరోబీ-హై అనే నిజమైన పరిశోధన రాకెట్ నమూనానూ కిట్లుగా అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అని పిలిచే సంఘానికీ అప్పుడే పునాది వేశాడు. లోహంతో ఒళ్ళు చేయకూడదు, మోటారు సొంతంగా చేయకూడదు, అగ్గిపుల్ల కాదు కరెంటుతో దూరం నుంచి అంటించాలి. మా అమ్మాయి పాటించిన ఐదు అంకెల లెక్క కూడా ఆ నియమాల వరసలోదే.

మరి కంపెనీ బతికిందా? లేదు. కిట్లో అట్టగొట్టం, చెక్క, కాగితం ఎక్కడైనా దొరుకుతాయి. మోటారు దొరకదు. బాణసంచా కార్ఖానాలో చేత్తో చేసి పంపేవాళ్ళు. కావలసినన్ని వచ్చేవి కావు. వచ్చినవాటిలో ఒకటి బలంగా, ఒకటి బలహీనంగా. దీపావళి జువ్వల్లో ఒకటి తుస్సుమంటే నవ్వుకుంటాం. పిల్లాడి చేతికిచ్చే వస్తువు అలా ఉండకూడదు. ప్రతిసారీ ఒకేలా కాలాలి, అన్నే సెకన్లకి పారాచూట్ తోయాలి.

స్టైన్ డెన్వర్ టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి బాణసంచా వాళ్ళ కోసం వెతికాడంటారు. అలా దొరికింది ఎస్టిస్ కుటుంబం. వాళ్ళబ్బాయి వెర్న్ ఎస్టిస్ చేత్తో కూరడం కుదరదని తేల్చుకుని, గాలి ఒత్తిడితో నడిచే యంత్రం ఒకటి తయారుచేశాడు. దానికి మేబెల్ అని ఆడపిల్ల పేరు పెట్టాడు. 1959 జనవరిలో అది పని మొదలుపెట్టింది. ఐదున్నర సెకన్లకొక మోటారు. కాగితపు గొట్టంలో ముందు మట్టి వేసి నొక్కి సన్నటి మూతి తయారుచేయడం, తర్వాత నల్లమందు, దాని మీద మెల్లగా కాలే పొర, ఆపైన పారాచూట్‌ని తోసే చిటికెడు మందు, చివర మట్టి మూత. అన్నీ అదే కొలతల్లో, మనిషి వేలు తగలకుండా. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే ఐదు వేల పైచిలుకు.

అంటే అన్నయ్య ప్రశ్నకి చరిత్ర ఇచ్చే జవాబు ఇదన్నమాట. మందు మేబెల్ కూరింది.

ఇక్కడ కథ తిరగబడుతుంది. మేబెల్ చేసే మోటార్లన్నీ కొనే శక్తి స్టైన్ కంపెనీకి లేదు. అది ఎక్కువ కాలం నిలబడలేదు కూడా. చేతిలో గుట్టలుగా మోటార్లున్న ఎస్టిస్, వాటిని అమ్ముకోవాలంటే వాటిని పెట్టుకునే రాకెట్లు జనం దగ్గర ఉండాలి కదా అనుకున్నాడు. అలా కిట్లు చేశాడు. మోటార్లు సరఫరా చేసినవాడు కిట్ల వ్యాపారి అయ్యాడు, కిట్ల వ్యాపారం కనిపెట్టినవాడు పక్కకు తప్పుకున్నాడు. నిత్యం ఖర్చయ్యేది ఎవరి చేతిలో ఉందో వ్యాపారం వాళ్ళదే.

ఎస్టిస్ తొలి కిట్ ఆస్ట్రాన్ స్కౌట్ చూస్తే ఆ బుద్ధి తెలుస్తుంది. దానికి పారాచూట్ లేదు. పైకి వెళ్ళాక మోటారు కొంచెం వెనక్కి జారుతుంది. బరువు తోక వైపు మారగానే రాకెట్ నిటారుగా ఉండలేక పల్టీలు కొడుతూ మెల్లగా పడుతుంది. ఒక్క భాగం తగ్గింది, పిల్లాడు చెడగొట్టే అవకాశమూ తగ్గింది. 1961లో వెర్న్, ఆయన భార్య గ్లీడా కంపెనీని ఊరి మధ్య నుంచి తీసి, ఇక్కడికి దక్షిణంగా రెండు గంటల దూరంలోని పెన్‌రోజ్ అనే పల్లెకి మార్చారు. నల్లమందు పనికి ఖాళీ నేల కావాలి మరి. కేటలాగులు అచ్చువేశారు, పోస్టులో ఆర్డర్లు వచ్చాయి. అదే ఏడు అరిజోనాలో లీ పీస్టర్ సెంచురి అనే మరో కంపెనీ మొదలుపెట్టాడు. 1969లో ఎస్టిస్‌ని డేమన్ కార్పొరేషన్ కొనుక్కుంది, తర్వాత సెంచురి కూడా ఆ గూటికే చేరింది. ఇద్దరు చిన్న వ్యాపారుల పోటీ ఒకే యజమాని ఇంట్లో ముగిసింది.

ఈ రంగంలో ఒకరో ఇద్దరో ఇంట్లో కూర్చుని కొత్త కిట్లు విడుదల చేసే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు చేసే పనేమిటో గమనిస్తే ముచ్చటేస్తుంది. మోటారు కొలత ముందే ఖాయం: 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడుగు. దాని మీద B6-4 అని ఉంటే, B మొత్తం బలం ఏ తరగతిదో చెబుతుంది, 6 సగటు తోపు ఎన్ని న్యూటన్లో, 4 మోటారు కాలిపోయాక ఎన్ని సెకన్లకి పారాచూట్ వస్తుందో. వృత్తం గీసి ఇచ్చి ఇందులోనే ముగ్గు వెయ్యమన్నట్టు. అందులోనే కొత్త ఆకారం రావాలి, అది తిన్నగా ఎగరాలి.

తిన్నగా ఎగరడానికి ఒకటే సూత్రం. రాకెట్ గరిమనాభి ముందుండాలి, గాలి ఒత్తిడంతా పనిచేసే బిందువు దాని వెనక, కనీసం గొట్టం లావంత దూరంలో ఉండాలి. మొదట్లో రాకెట్‌కి నడుం దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పి చూసేవారు. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే సరే. 1966లో నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ ఆ బిందువును కాగితం మీదే లెక్కగట్టే సూత్రాలు అభిరుచి ఉన్నవాళ్ళందరికీ అందించాడు. 2009లో ఫిన్లాండ్ విద్యార్థి సాంపో నిస్కానెన్ తన మాస్టర్స్ థీసిస్‌గా చేసిన ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇప్పుడు ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని రాకెట్ గీయొచ్చు. అసలు కష్టం ఆ తర్వాత. రెక్క ఎటు వైపు పీచు ఉండేలా కోయాలో, జిగురు ఎంతసేపు ఆరాలో, తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమయ్యేట్టు ఒక కాగితం మీద రాయడం. మీరు కథలు రాసేవాళ్ళయితే ఆ కష్టం మీకు తెలుస్తుంది. రాసినవాడు పక్కన ఉండడు, చదివేవాళ్ళు ఎక్కడ తప్పు చేస్తారో ముందే ఊహించాలి.

కానీ నాకొక అనుమానం ఉండిపోయింది. ప్రమాదాన్ని మొత్తం ఫ్యాక్టరీకి ఇచ్చేసి, పిల్లలకి జిగురూ రంగూ మిగల్చడం మోసం కాదా? 1957లోనే వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊరు కోల్‌వుడ్‌లో హోమర్ హికమ్, అతని స్నేహితులు మందుతో సహా అన్నీ సొంతంగా చేశారు. 1960లో జాతీయ సైన్స్ ప్రదర్శనలో బహుమతీ తెచ్చుకున్నారు. ఆ జ్ఞాపకాల పుస్తకం 'రాకెట్ బాయ్స్', దాని మీద తీసిన 'అక్టోబర్ స్కై' సినిమా మీలో చాలామందికి ఇష్టం. నాకూ ఇష్టమే. అయితే వాళ్ళకి గని వర్క్‌షాపులో లోహం పనిచేసే పనివాళ్ళు సాయం ఉన్నారు. అలాంటి పెద్దలు లేని కుర్రాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళ ఊళ్ళోనూ ఉన్నారు. వేళ్ళు పోయినవాళ్ళు జ్ఞాపకాలు రాయలేదు. గెలిచిన కథ ఒక్కటే చదివి అదే దారి అనుకోవడం మనకి అలవాటు.

కార్లైల్, స్టైన్, ఎస్టిస్ చేసింది కొత్త పనేమీ కాదు. చుట్టడం పిల్లలది, కూరడం పెద్దలది అని మా పెరట్లో ఎవరూ చెప్పకుండానే ఉన్న హద్దుని వాళ్ళు ఒక సంచీలో పెట్టి, అచ్చువేసిన కాగితంతో సహా అమ్మారు. పక్కన పెద్దమనిషి లేని పిల్లాడికి కూడా ఆ హద్దు పోస్టులో వెళ్ళింది.

ఇదంతా అన్నయ్యకి ఫోన్లో చెప్పాను. అంతా విని, "ఆ కాలిపోయిన గొట్టం ఉందా, పారేశారా?" అన్నాడు. ఉంది. చాకుతో నిలువుగా కోసి ఫొటో తీసి పంపాను. మసిపట్టిన మట్టి మూతి, దాని చుట్టూ పొరలు పొరలుగా కాగితం. చాలాసేపు జవాబు లేదు. ఎడంచేత్తో టైపు చేస్తాడు, ఆలస్యమవుతుంది.

"చుట్టు బాగా బిగించార్రా," అని వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. "దీపావళికి వస్తే అమ్మలుకి గొట్టం చుట్టడం నేర్పుతాను. చుట్టడం వరకే."