నిద్రలో జరిగే పని

గ్రీకు పురాణాల్లో నిద్ర మృత్యువుకు కవల సోదరుడు. మన చరకసంహితలోనైతే ఆహార బ్రహ్మచర్యాలతో పాటు దేహాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో నిద్ర ఒకటి. ఒకరికది చావుకు చుట్టం, మరొకరికి బ్రతుకుకు ఆసరా. ఈ రెంటిలో ఏది సత్యమో తేల్చడానికి ఆధునిక శాస్త్రానికి చాలా కాలమే పట్టింది. ఆ చరిత్ర నన్ను ఎంతగానో ఆకర్షించింది. టూకీగా మీ ముందుంచుతాను.

మొదటి సాక్ష్యం క్రూరమైనది. కుక్కపిల్లలను నిద్రపోనివ్వకుండా ఉంచితే నాలుగైదు రోజుల్లోనే మరణించాయని 1894లో రష్యా శాస్త్రవేత్త మరియా మనసెయినా ప్రకటించింది. ఎందుకు మరణించాయన్నది మాత్రం అంతుపట్టలేదు.

నిద్రలో మెదడు ఊరకుండదని తెలియడానికి మరికొన్ని దశాబ్దాలు గడిచాయి. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తరంగాలను తొలిసారి నమోదు చేశాడు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్ర నడుమ కనుగుడ్లు చురుకుగా కదిలే దశ ఒకటున్నదని చూపారు.

ఇక తక్కిన దేహం సంగతి. గాఢనిద్ర మొదలైన కొద్దిసేపటికే పెరుగుదల హార్మోను రక్తంలోకి పెద్దయెత్తున విడుదలవుతుందని 1968లో వెల్లడైంది. పిల్లల ఎదుగుదలకే కాదు, పెద్దల కండరాలూ ఎముకలూ మరమ్మతు కావడానికీ అది అవసరం. 1980లలో షికాగోలోనే రెక్ట్‌షాఫెన్ బృందం ఎలుకలకు నిద్ర లేకుండా చేసింది. అవి మునుపటి కన్న ఎక్కువ తిన్నా చిక్కిపోయాయి, చర్మం పుండ్లు పడింది, రెండు మూడు వారాల్లో చనిపోయాయి. అంటే తిండి నిద్రకు బదులు కాలేదన్నమాట! ఆ రెంటినీ వేర్వేరు ఊతలుగా చెప్పడంలోని ఔచిత్యం నాకిక్కడే స్ఫురించింది.

2013లో అమెరికాలో నెడెర్‌గార్డ్ బృందం మరో మెట్టెక్కింది. నిద్రించే ఎలుకల మెదడులో కణాల నడుమ చోటు 60 శాతం దాకా పెరుగుతుందనీ, ఆ దారిన ద్రవం పారి వ్యర్థాలను కడిగివేస్తుందనీ అన్నది. 2024లో లండన్ శాస్త్రజ్ఞులు ఎలుకల మీదే పరీక్షించి, నిద్రలో ఈ కడుగుడు తగ్గుతుందని వాదించారు. ఆ తగవింకా తీరలేదు. నిద్ర కావాలన్న విషయంలో మాత్రం తగవు లేదు.

తెలుగువారి రామకథలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకోవడానికి అతని వంతు నిద్రనంతా ఊర్మిళ పోవలసి వచ్చింది. నిద్రను ఎగవేయలేమనీ, ఎవరో ఒకరు చెల్లించక తప్పదనీ ఆ కథ కట్టినవారు ఎరుగుదురు. అర్ధరాత్రి దాటాక కీబోర్డు ముందు కూర్చునే మనబోటి వారికి ఊర్మిళలు లేరు. మన బాకీ మన దేహమే చెల్లిస్తుంది.