విమానం కింద నిలబడ్డవాళ్లు

1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు జవాన్లతో ఢిల్లీ నుంచి లేచిన డకోటా రవాణా విమానాలు శ్రీనగర్‌లో దిగకపోతే కశ్మీర్ చరిత్ర మరోలా ఉండేది. ఆ దళాన్ని నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ రంజిత్ రాయ్ పేరు మనకు తెలుసు. మరుసటి ఏడాది మే 24న, 11 వేల అడుగులకు పైగా ఎత్తున్న లేహ్‌లో డకోటాను దించిన మెహర్ సింగ్ పేరూ తెలుసు. ఆ విమానాలను ఎగరడానికి సిద్ధం చేసిన మెకానిక్కుల పేర్లు మాత్రం పుస్తకాల్లో వెతికినా అరుదుగానే దొరుకుతాయి. మన రవాణా విమానాల చరిత్రను వాళ్ల వైపు నుంచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాళ్ల కథ రవాణా విమానాల కన్నా ముందే మొదలైంది. భారత వాయుసేన 1932 అక్టోబరు 8న పుట్టింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటి విమానాలతో దాని తొలి దళం ఏర్పడింది. అందులో మెకానిక్కులను ‘హవాయి సిపాయి’లనేవారు. లాహోర్ మెక్లాగన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి కూడా, ఆఫీసరు హోదా లేకుండా హవాయి సిపాయిగా చేరిన యువకుడు హర్జిందర్ సింగ్. భారతీయుల చేతిలో యంత్రం నిలవదని తెల్లదొరలు అనుమానించిన రోజుల్లో, స్పానరు పట్టిన చేతులతోనే ఆయన ఎదిగాడు. చివరికి ఎయిర్ వైస్ మార్షల్ అయి, మెయింటెనెన్స్ కమాండ్‌కు అధిపతి అయ్యాడు. ఆయన డైరీల ఆధారంగా పుస్తకం రావడం మన అదృష్టం. అది లేకపోతే తొలి తరం మెకానిక్కుల గురించి మనకు తెలిసింది ఇంకా తక్కువగా ఉండేది.

డకోటా దగ్గర కాసేపు ఆగాలి. మెకానిక్కు చేతికీ చెవికీ అంత పని పెట్టిన విమానం మన రవాణా దళంలో మరొకటి లేదని నా అభిప్రాయం. దాని ట్విన్ వాస్ప్ ఇంజినులో 14 సిలిండర్లు ఇరుసు చుట్టూ గుండ్రంగా, రెండు వరసల్లో ఉంటాయి. సిలిండరుకు రెండేసి చొప్పున, రెండు ఇంజిన్లకూ కలిపి 56 స్పార్క్ ప్లగ్గులు. విమానం రాత్రంతా కదలకుండా ఉంటే నూనె కిందికి జారి అడుగు సిలిండర్లలో చేరుతుంది. నూనె గాలిలా నొక్కితే అణిగేది కాదు. తెల్లారి అలాగే స్టార్టరు నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. వంగిన సంగతి అప్పటికప్పుడు బయటపడకపోవచ్చు కూడా. అందుకే ముందుగా ప్రొపెల్లర్ రెక్క పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పాలి. ఎక్కడైనా బిగిసినట్టు తోస్తే బలం చూపకూడదు, వెనక్కీ తిప్పకూడదు. వెనక్కి తిప్పితే నూనె గాలి గొట్టంలోకి ఎక్కి, ఇంజిను అందుకోగానే తిరిగి లోపలికి వస్తుంది. కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి, నూనె మొత్తం కారిపోయాక మళ్లీ బిగించాలి. గడ్డకట్టే చలిలోనూ ఇదే వరస.

తర్వాత వచ్చిన ప్యాకెట్ విమానం ఇంకో రకం పరీక్ష. హిమాలయాల ఎత్తులకు దాని రెండు ఇంజిన్ల బలం చాలక, వీపు మీద ఆర్ఫియస్ జెట్ ఇంజిను అమర్చారు. పిస్టను ఇంజినూ జెట్టూ ఒకే విమానం మీద ఉంటే, రెండింటి జబ్బులూ ఎరిగినవాడు కావాలి. 1962 జూలై 23న 16 వేల అడుగులకు పైనున్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది అలాంటి ప్యాకెట్టే. అంతకు కొద్ది నెలల ముందు, 1961 నవంబరు 1న, కాన్పూరులో వాయుసేన స్వయంగా కూర్చిన తొలి ఆవ్రో విమానం గాల్లోకి లేచింది. దాని వెనకా హర్జిందర్ సింగే ఉన్నాడు.

1961లో ఏఎన్-12తో సోవియట్ విమానాల కాలం మొదలైంది. 1984 నుంచి వచ్చిన ఏఎన్-32 నాలుగు దశాబ్దాలకు పైగా కొండల్లో మోతబరువు మోస్తోంది. పెద్ద ప్రొపెల్లర్లకు చోటు కోసం దాని ఇంజిన్లను రెక్కల పైన పెట్టారు. ఇంజిను పని అంటే ఎత్తయిన స్టాండు ఎక్కాల్సిందే. 1991లో సోవియట్ యూనియన్ చీలాక, తయారుచేసిన దేశమూ విడిభాగాలిచ్చే దేశమూ ఒకటి కాకుండా పోయాయి. 2009లో ఉక్రెయిన్‌తో ఆధునికీకరణ ఒప్పందం కుదిరింది. 40 విమానాలు అక్కడ చేసి, మిగతావి కాన్పూరు డిపోలో మనవాళ్లు చేయాలన్నది ఏర్పాటు. ఉక్రెయిన్ కల్లోలంలో పడ్డాక ఆ డిపో విలువ ఎంతో తెలిసొచ్చింది. విమానం కొనుక్కోవచ్చు, దాన్ని విప్పి బిగించే నేర్పు మాత్రం ఇంట్లోనే పెరగాలి.

ఈ పని బరువంతా చివరికి ఒక కాగితం మీద వాలుతుంది. బ్రిటిష్ వాయుసేన నుంచి మనకు వచ్చిన ఆ రికార్డు పేరు ఫారం 700. చేసిన ప్రతి పనికీ ట్రేడ్స్‌మన్ సంతకం పెడతాడు, సరిచూసిన పైవాడు పెడతాడు, ఆఖరున కెప్టెన్ సంతకం చేసి విమానాన్ని అందుకుంటాడు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 బంగాళాఖాతంలో మాయమైంది. అందులోని 29 మందిలో విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది. శకలాల జాడ సముద్రగర్భంలో 2024లో గానీ తెలియలేదు. అలాంటి వార్త వచ్చిన రోజున, ఆ తరహా విమానం మీద పనిచేసే ప్రతి మెకానిక్కూ తన సంతకాలను మనసులో తిరగేసుకోకుండా ఉంటాడని నేననుకోను.

2011లో సీ-130జే, 2013లో సీ-17 వచ్చాక లోపం ఎక్కడుందో కంప్యూటరే చాలావరకు చెబుతోంది. సీ-130జేలో ఫ్లైట్ ఇంజనీరు సీటే లేదు. నేల మీద మెకానిక్కుగా మొదలుపెట్టి గాల్లోకి ఎదిగేందుకున్న ఒక దారి అలా మూసుకుపోయింది. ఇది నాకు నష్టంగానే తోస్తుంది. మరోపక్క అదే సీ-130జే తోక భాగాలు హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారై, అమెరికాకు వెళ్తున్నాయి.

బెళగావిలో పరేడు చేసి, తాంబరంలో ట్రేడు నేర్చి, ఆగ్రాలోనో జోర్హాట్‌లోనో రవాణా విమానాల కింద ఇరవై ఏళ్లు గడిపి ఊరికి తిరిగొచ్చిన తెలుగువాళ్లు మన మధ్యే ఉన్నారు. డకోటా మీద పనిచేసినవారు ఇక కొద్దిమందే మిగిలి ఉంటారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే, ఏ విమానం, ఏ స్థావరం, ఏ ఏడాది, ఏ పని అని అడిగి ఈ నెలలోనే ఫోనులో రికార్డు చేయండి.