ప్రేమ్‌నగర్: హోదా పెరిగి, మాట చెల్లని గ్రామం

సంస్థానాల విలీనాలు, రాష్ట్రాల విభజనలు చరిత్ర గ్రంథాలకు ఎక్కుతాయి. ఒక గ్రామం స్వపరిపాలనను కోల్పోవడం మాత్రం రాయ్‌పూర్ సచివాలయం వెలువరించే ప్రకటనల్లో ఒకటిగా మిగిలిపోతుంది. ఛత్తీస్‌గఢ్ ఉత్తరాన, నాటి సర్గుజా జిల్లాలోని ప్రేమ్‌నగర్‌కు జరిగింది అదే.

పంచాయతీరాజ్‌కు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ అయిదవ షెడ్యూలు ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫార్సుల అనంతరం 1996 డిసెంబరులో పెసా చట్టం వచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని అది విధించింది. అడవి, నీరు, ఆచారాల సంరక్షణలో గ్రామసభకు స్థానం కల్పించింది.

ఆ చట్టానికి పరీక్ష ఎదురైన ఊళ్లలో ప్రేమ్‌నగర్ ఒకటి. ఇఫ్కో, రాష్ట్ర విద్యుత్ మండలి ఉమ్మడిగా అక్కడ 1,320 మెగావాట్ల థర్మల్ కేంద్రాన్ని తలపెట్టాయి. బొగ్గు హస్‌దేవ్ అరణ్యంలోని తారా గని నుంచి రావలసి ఉంది. భూములు, అడవులు పోతాయన్న భయంతో గ్రామసభ ఆ ప్రతిపాదనను పలుమార్లు తిరస్కరించింది. 2009లో ప్రభుత్వం ఆ గ్రామ పంచాయతీని నగర పంచాయతీగా మార్చింది. బ్లాకు కేంద్రానికి పట్టణ హోదా తగదని ఎవరూ అనలేరు. కాని నగర పంచాయతీకి వార్డులుంటాయి, కౌన్సిలర్లుంటారు, గ్రామసభ ఉండదు. కాదన్న సభే లేనప్పుడు ఇక సంప్రదించవలసింది ఎవరిని?

ఇది ఒక ప్రభుత్వపు ఎత్తుగడతో ముగిసే కథ కాదు. గ్రామాన్ని పట్టణ పాలనలోకి మార్చే ప్రకటనకు 243-క్యూ అధికరణం జనాభా, జనసాంద్రత, ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి వంటివి ప్రాతిపదికలుగా చూపింది. గ్రామస్థుల సమ్మతిని కోరలేదు. పైగా పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే తప్ప పట్టణ పాలనా విభాగం షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించదని 243-జెడ్‌సీ చెబుతుంది. అందుకోసం 2001లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. తెలంగాణలో పాల్వంచ, మణుగూరు, మందమర్రి పురపాలక సంఘాలకు ఏజెన్సీ వివాదం వల్ల ఏళ్ల తరబడి ఎన్నికలు జరగకపోవడానికి మూలం ఈ శూన్యమే.

ఇటలీ అనుభవం ఇక్కడ గమనించదగినది. ముస్సోలినీ పాలన 1926 నుంచి ఎన్నికైన గ్రామాధ్యక్షుల స్థానంలో ప్రభుత్వం నియమించినవారిని కూర్చోబెట్టింది. అనేక చిన్న గ్రామాలను పొరుగు ఊళ్లలో కలిపివేసింది. ఆ నియంతృత్వం కూలిన తరువాత, 1948లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం, స్థానిక సంస్థల సరిహద్దులు మార్చేముందు సంబంధిత ప్రజల అభిప్రాయం వినాలని 133వ అధికరణంలో నిర్దేశించింది.

ప్రేమ్‌నగర్ విద్యుత్కేంద్రం నిర్మాణానికి నోచుకోలేదు. 2014లో సుప్రీంకోర్టు బొగ్గు గనుల కేటాయింపులను మూకుమ్మడిగా రద్దు చేసింది. 2022లో ఛత్తీస్‌గఢ్ ఎట్టకేలకు పెసా నిబంధనలను ప్రకటించింది. అవి గ్రామసభలకు ఉద్దేశించినవి. వాటిని వినియోగించుకోవడానికి ప్రేమ్‌నగర్‌లో గ్రామసభ లేదు. గ్రామసభ రద్దుకు ఆ గ్రామసభ అనుమతే తప్పనిసరి చేయనంతకాలం, పెసా ఇచ్చిన హక్కు ప్రభుత్వ దయపైనే ఆధారపడి ఉంటుంది.