ఊరు కదలలేదు, రాజధాని కదిలింది

ప్రభుత్వాలు రాజధానిని ఎందుకు మారుస్తాయి? ఈ ప్రశ్నకు తిరుత్తణి నుంచి జవాబు వెతకటం మేలు. 1953 సెప్టెంబరు 30 దాకా ఈ ఊరికి రాజధాని మద్రాసు. మర్నాటి నుంచి కర్నూలు. 1956 నవంబరు 1 నుంచి హైదరాబాదు. 1960 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ మద్రాసు. ఏడేళ్ళు నిండకుండానే రాజధాని మూడుసార్లు మారింది. ఊరు మాత్రం కొండ కింద ఉన్నచోటనే ఉంది.

ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీకి చెందిన తిరుత్తణి 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. పొరుగున ఉన్న తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలోది. రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే కనుక ఈ గీతతో ఎవరికీ పని పడలేదు. తెలుగు, తమిళం ఒకే వీధిలో వినిపించేవి.

ఆంధ్రులు మద్రాసును వదలటానికి కారణం సౌకర్యం కాదు. నగరంలో తమిళులు అధికసంఖ్యాకులు. ఆ నగరంపై హక్కు వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమని 1949లో జె.వి.పి. సంఘం తేల్చింది. 'మద్రాసు మనదే' అన్న నినాదం ఆగలేదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆ నగరంలోనే నిరాహారదీక్షలో అసువులు బాశారు. తాత్కాలిక రాజధాని కొంతకాలం మద్రాసులో ఉండవచ్చన్న జస్టిస్ వాంఛూ సూచనకూ రాజాజీ ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మరి కర్నూలే ఎందుకు? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కును రాయలసీమకు ఇచ్చారు. కోస్తా జిల్లాల ఆధిక్యానికి సీమవాసులు భయపడటమే అందుకు కారణం. ఆ మాట ప్రకారం కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు దక్కాయి. కర్నూలులో చాలినన్ని భవనాలు లేక కచేరీలు గుడారాలలో నడిచాయి. మూడేళ్ళకు తెలంగాణతో కలయిక జరగగానే, సకల హంగులూ ఉన్న హైదరాబాదు రాజధాని అయింది.

రాజధాని తేలినా సరిహద్దు తేలలేదు. తిరుత్తణి తమిళులదేనని ఎం.పి. శివజ్ఞానం ప్రభృతులు ఉద్యమించారు. మధ్యవర్తి పటాస్కర్ గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, భాషా ఆధిక్యాన్నీ భౌగోళిక సామీప్యాన్నీ ప్రమాణాలుగా పెట్టారు. 1959 చట్టంతో తిరుత్తణి తాలూకాలో అధికభాగం మద్రాసుకు, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు చేరాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది.

అదే 1960 ఏప్రిల్‌లో బ్రెజిల్ తన రాజధానిని రియో నుంచి కొత్తగా కట్టిన బ్రసీలియాకు మార్చింది. దేశం లోపలి భాగాలను అభివృద్ధి చేయాలన్నది వారి ఉద్దేశం. అది కోరి చేసిన మార్పు. తెలుగువారి రాజధాని మాత్రం ప్రతిసారీ విభజనకో కలయికకో వెల. 2014 విభజన తరువాత అమరావతి కథ కూడా అక్కడినుంచే మొదలైంది.

రాజధాని మారినప్పుడు అధికారులు ఫైళ్ళు సర్దుకుని వెళతారు. సరిహద్దు మారినప్పుడు జనం ఇళ్ళలోనే ఉంటారు. మారేది కచేరీ భాష, పిల్లవాడి పాఠ్యపుస్తకం. తిరుత్తణి విద్యార్థులారా, మీ ఇంట 1960కి ముందటి దస్తావేజులుంటే తీసి చూడండి. వాటిపై చిత్తూరు జిల్లా పేరు కనబడుతుంది. మీ ఇంటి తెలుగు ఎక్కడినుంచో వలస వచ్చిందని ఎవరైనా అంటే, ఆ కాగితం చూపించవచ్చు.