వెళ్ళినవాని చోటు

జమైకాలో 1950ల చివర పుట్టిన స్కా సంగీతానికి బూరలే ప్రాణం. ఆ బాణీలో పాడే క్రైస్తవ బృందం ఫైవ్ ఐరన్ ఫ్రెంజీ 1995లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైంది. మరుసటి ఏడే మొదటి ఆల్బం వచ్చింది. ఎన్నో పాటలకు బాణీ కట్టిన గిటారిస్టు స్కాట్ కెర్, విశ్వాసం నిలవక, 1998లో వెళ్ళిపోయాడు. అతని స్థానంలో సోనీ జాన్‌స్టన్ వచ్చాడు. 2003లో బృందమే విడిపోయింది.

2011లో వాళ్ళు మళ్ళీ కూడినప్పుడు కెర్ కూడా వచ్చాడు, ఈసారి బేస్ గిటారుతో. తమలో అందరూ ఇప్పుడు విశ్వాసులు కారని వాళ్ళే దాచకుండా చెప్పారు. కంపెనీ అండ లేకుండా ఆల్బం చేయడానికి 30,000 డాలర్లు అడిగితే, శ్రోతలు రెండు లక్షలకు పైగా ఇచ్చారు. 2013లో ఆ ఆల్బం వెలువడింది.

మార్కు కూడా పౌలును మధ్యలో విడిచి వెళ్ళినవాడే. చివరికి పౌలే అతణ్ణి వెంటబెట్టుకు రమ్మని కబురు పెట్టాడు.

మన మరిపెడ సంఘాల్లో డోలక్ వాయించిన పిల్లలు కొందరు హైదరాబాదు వెళ్ళి ఆరాధన మానేశారు. వాళ్ళ పేర్లు మన ప్రార్థనలో ఉన్నాయా? క్రిస్మస్‌కు ఊరొస్తే నిలదీయకుండా, ముందు డోలక్ చేతికిద్దాం.