గేలికి ఎదురుమాట

గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమలో ఒకప్పుడు ప్రయాణమంటే రేవు దాటటమే. గౌతమిని దాటి యానాం పోవాలన్నా, వశిష్ఠను దాటి నరసాపురం పోవాలన్నా పడవో పంటో ఎక్కవలసిందే. అవతలి ఒడ్డున చదువుకొనే పిల్లవానికి ఆ నీరు ఒక విధంగా రక్ష. తోటివారు ఎంత ఏడిపించినా, సాయంత్రం రేవు దాటితే వెక్కిరింత ఆ ఒడ్డునే ఉండిపోయేది. ఇప్పుడు ఎదురులంక దగ్గర గౌతమి మీద బాలయోగి పేరిట వంతెన ఉన్నది. వెక్కిరింతకు మాత్రం వంతెన కూడ అక్కరలేదు. చేతిలోని ఫోను దానిని అర్ధరాత్రి పడక దగ్గరికే తెచ్చి వేస్తుంది. ఈ వేధింపుకు ఎదురు పలికినవారు ఎవరు? వారు పలికినందువలన కలిగిన ఫలమేమి? ఈ విషయాలను కొంచెం పరిశీలిద్దాం.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. స్నేహితులు ఒకరినొకరు ఆట పట్టించుకోవటం వేధింపు కాదు. దీనిని గురించి జీవితకాలం పరిశోధించిన డాన్ ఓల్వేయుస్ అనే మనశ్శాస్త్రజ్ఞుడు మూడు లక్షణాలు చెప్పాడు. నొప్పించాలనే ఉద్దేశం ఉండటం మొదటిది. అదే పని మళ్లీ మళ్లీ జరగటం రెండవది. ఇరువురి బలాబలాలలో తేడా ఉండటం మూడవది. ఈ మూడవ లక్షణమే ముఖ్యం. బలమంటే కండబలమే కానక్కరలేదు. వయస్సు, డబ్బు, కులం, మంది, ఇవన్నీ బలాలే.

మన దేశంలో కులం చిరకాలంగా ఇటువంటి బలం. దానికి ఎదురుమాట కోనసీమలోనే గట్టిగా వినిపించింది. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ అనే నాటకం వ్రాశాడు. పశువుల వెంట తిరిగే పాలేరు కుర్రవాడు చదువుకొని పెద్ద ఉద్యోగి కావటం అందులోని కథ. నిన్నటి వరకు నలుగురూ తక్కువగా చూచిన కుర్రవాడు రంగస్థలం మీద తల ఎత్తి నిలబడ్డాడు. ఆ నాటకం చూచి ఎందరో పాలేర్లు బడిబాట పట్టారని చెబుతారు.

కళాశాలలలో ఈ వేధింపు ‘ర్యాగింగ్’ అనే పేరుతో స్థిరపడింది. పెద్ద తరగతులవారు చిన్నవారి చేత చాకిరి చేయించుకొనే ఆచారం ఇంగ్లండులోని పేరుపొందిన బడులలో చాలకాలం సాగింది. రగ్బీ పాఠశాలలో చదువుకొన్న థామస్ హ్యూస్ 1857లో వెలువరించిన నవలలో, చిన్నపిల్లలే ఒక దుండగీడు విద్యార్థికి ఎదురు తిరుగుతారు. మన కళాశాలలలో ఇది “పరిచయం చేసుకోవటం” అనే ముసుగు వేసుకొన్నది. “మేమూ పడ్డాము, మీరూ పడండి” అనేది దాని తర్కం. నిన్న బాధపడ్డవాడే నేడు బాధపెట్టేవాడు కావటం వలన ఈ గొలుసు తెగలేదు.

1996లో తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయంలో ఒక వైద్య విద్యార్థి హత్యకు గురి అయిన తరువాత దేశం ఉలిక్కిపడింది. 1997లో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు ర్యాగింగ్ నిషేధ చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం తోటి విద్యార్థిని హేళన చేసి అవమానించినా 6 నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. నేరం తీవ్రతను బట్టి శిక్ష పెరుగుతుంది. 2001లో సుప్రీంకోర్టు ఈ విషయమై మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం నిబంధనలు చేసింది. 2016లో వాటిని సవరించి కులం, మతం, రంగు, భాష, పుట్టిన ప్రాంతం, పేదరికం మొదలగు వాటిని పట్టుకొని వేధించటం కూడ ర్యాగింగే అని స్పష్టం చేసింది. భీమన్న నాటకం అడిగిన గౌరవమే ఇన్నేళ్లకు నిబంధనలకు ఎక్కిందన్న మాట.

అయితే చట్టం సాధారణంగా దెబ్బ తగిలిన తరువాత వస్తుంది. దెబ్బ తగలకుండా ఆపేది ఏది? నార్వే దేశంలో 1982లో ముగ్గురు బాలురు తోటివారి వేధింపు భరించలేక ప్రాణాలు తీసుకొన్నారు. మరుసటి ఏడు ఆ దేశమంతటా బడులలో ఉద్యమం మొదలుపెట్టారు. బెర్గెన్ నగరంలో 42 బడులలోని సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వేయుస్ పరిశీలించాడు. రెండేళ్లలో వేధింపు ఇంచుమించు సగానికి తగ్గింది.

కెనడా శాస్త్రజ్ఞులు ఇంకొక పని చేశారు. బడి ఆటస్థలాలలో జరిగేదానిని దూరం నుంచి చిత్రించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 88 వేధింపు ఘటనలలో చుట్టూ చూచేవారు ఉన్నారు. వారు కలుగజేసుకొన్నవి నూటికి 19 మాత్రమే. కాని అట్లా కలుగజేసుకొన్నప్పుడు సగానికి పైగా, అంటే నూటికి 57 సార్లు, వేధింపు 10 సెకండ్లలోపల ఆగిపోయింది! దీనిని బట్టి వేధించేవాని బలం వాని చేతిలో కంటె చూచేవారి మౌనంలో ఎక్కువగా ఉన్నదని తెలుస్తున్నది.

ఆ కెనడాలోనే, నోవా స్కోషియా రాష్ట్రంలో, 2007లో గులాబిరంగు చొక్కా తొడుక్కొని వచ్చిన ఒక కొత్త విద్యార్థిని కొందరు ఏడిపించి బెదిరించారు. పై తరగతి విద్యార్థులిద్దరు అంగడికి పోయి 50 గులాబిరంగు చొక్కాలు కొని మరునాడు బడిలో పంచిపెట్టారు. దెబ్బలాట లేదు, ఉపన్యాసం లేదు. ఆ కుర్రవాడు ఒంటరి కాకుండా పోయాడు, అంతే.

ఫోనులో జరిగే వేధింపుకు మూడు ప్రత్యేకతలు ఉన్నాయి. దానికి వేళ లేదు. వేధించేవాడు పేరు దాచుకోవచ్చు. చూచేవారికి లెక్క లేదు. ఒకరి బొమ్మను గేలిచేస్తూ వచ్చిన సందేశాన్ని మరొకరికి పంపితే, మనం చూచేవాళ్లం కాము, చేసేవాళ్లమే అవుతాము. ఒకరి దేహానికి సంబంధించిన ఏకాంత చిత్రాలను వారి అనుమతి లేకుండా పంచితే సమాచార సాంకేతిక చట్టం ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉన్నది. బాధితులు సందేశాలను చెరిపివేయకుండా ఉంచుకోవాలి, నమ్మిన పెద్దవారికి చెప్పాలి. పిల్లలు 1098కి, ర్యాగింగ్ బాధితులు 18001805522కి ఫోను చేయవచ్చు.

బాధపడేవానినే “ధైర్యంగా మాట్లాడు” అనటం న్యాయం కాదు. వాడు ఒంటరివాడు, బలహీనుడు, కనుకనే వానిని ఎన్నుకొన్నారు. మొదట మాట్లాడవలసింది పక్కన ఉన్నవారు. అమలాపురం కళాశాలలో గాని, కొత్తపేట బడిలో గాని, వాట్సాప్ బృందంలో గాని, ఎవరినైనా నలుగురు చేరి ఏడిపిస్తుంటే “ఇక చాలు, ఆపండి” అని ఒక్కరు అంటే చాలు. ఆ మాట అనటానికి 10 సెకండ్లు కూడ పట్టదు.